అందరూ భాగస్వాములే!

తెనాలి, బాపట్ల, రేపల్లె. ఈ మూడు ఊళ్ళ మధ్య పనివాడనే జాతి అంతరించిపోయింది. నమ్మకం కుదరకపోతే పీఎఫ్ వాళ్ళూ ఈఎస్ఐ వాళ్ళూ పంపిన నోటీసులకి మన వ్యాపారస్తులు రాసుకున్న జవాబులు చదవండి. రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు రవాణా రంగంలో స్వతంత్ర వ్యాపారి. రొయ్యల షెడ్డులో తెల్లవారుజామున ఐసునీళ్ళలో చేతులు ముంచే ఆవిడ మత్స్యరంగ సేవాప్రదాత. బట్టల కొట్లో పొద్దున తొమ్మిది మొదలు రాత్రి తొమ్మిది దాకా కూర్చోకుండా చీరలు విప్పి చూపించి మళ్ళీ మడతపెట్టే పిల్ల కమీషన్ ఏజెంటు. ఈ ముగ్గురికీ యజమాని లేడు. యజమానికి ఈ ముగ్గురూ ఎవరో తెలియదు. రోజూ దారినపోతూ లోపలికొచ్చి, పని కనిపిస్తే చేసి, డబ్బు కనిపిస్తే తీసుకుని వెళ్ళిపోతుంటారు. ఇంతమంది పారిశ్రామికవేత్తలు ఇంత కొద్దిపాటి జాగాలో అసలు ప్యారిస్‌లో కూడా ఉండరు. ఆంధ్రా ప్యారిస్ అనే మన తెనాలిలో ఉన్నారు.

నోటీసొస్తే కంగారుపడేవాళ్ళు కొత్తవాళ్ళు. పాతకాపులకి దీనికో సంప్రదాయముంది. రిజిస్టరు పోస్టు రాగానే యజమాని చెయ్యి పెట్టడు. గుమస్తాని పిలుస్తాడు. గుమస్తా మిల్లు తరఫున సంతకం పెట్టి, మిల్లు స్టాంపు కొట్టి, కవరు అందుకుంటాడు. ఆ కవరులో ఉన్న కాయితానికి పదిహేను రోజుల తర్వాత వెళ్ళే జవాబులో, సదరు గుమస్తాకీ మిల్లుకీ ఏ సంబంధమూ లేదని ఉంటుంది. ఆ జవాబు టైపు చేసేదీ ఆ గుమస్తానే.

లోపల ఉండేది కూడా పెద్ద రహస్యమేమీ కాదు. పీఎఫ్ వాళ్ళదైతే 1952 నాటి చట్టం, 7ఎ సెక్షను కింద విచారణ, ఫలానా తేదీన హాజరు పట్టీ, జీతాల పుస్తకం, లెడ్జర్లు, బ్యాలెన్సు షీట్లు పట్టుకుని రావలెను. ఈఎస్ఐ వాళ్ళదైతే సి-18 నోటీసు; దానికి నోరు మెదపకపోతే 45ఎ కింద వాళ్ళే లెక్కగట్టి ఆర్డరు పంపిస్తారు. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి కాబట్టి ముందుముందు సెక్షన్ల నంబర్లు మారతాయి. నంబర్లు మారితే మారనీయండి, మన జవాబు మాత్రం మారదు: ‘మా సంస్థలో పనివారు లేరు.’

ఈ వాక్యానికి ఒకటే గండం, బ్యాలెన్సు షీటు. దాని కథ తెనాలి బోసు రోడ్డులో ఏ ఆడిటరు గారి మేడ ఎక్కినా వినిపిస్తుంది.

"లెడ్జర్లో ‘హమాలీ కూలి’ అని ఇంత పెద్ద పద్దు రాశారేమిటండీ?"

"కూలికే ఇచ్చాం కదండీ మరి."

"నిజాలన్నీ అలా రాసేస్తే ఎలాగండీ?"

"మీరే కదండీ ఇన్‌కంటాక్సుకి ఖర్చు బాగా చూపించాలన్నారు!"

అదీ సంగతి. ఇన్‌కంటాక్సు ఆఫీసుకి వెళ్ళే కాయితంలో మిల్లు నిండా కూలీలే. వాళ్ళకి లక్షలు లక్షలు పోసి యజమాని దివాలా అంచున నిలబడి ఉంటాడు. అదే కాయితం పీఎఫ్ ఆఫీసుకి చేరేసరికి మిల్లులో మనిషన్నవాడుండడు, వడ్లు వాటంతటవే దంపుకుంటూ ఉంటాయి. ఈ చిక్కు చూసి ఈ మధ్య పద్దులకి కొత్త పేర్లు పెడుతున్నారు. హమాలీ కూలి కాస్తా ‘మిల్లు నిర్వహణ ఖర్చు’ అయింది, ఊడ్చే ముసలమ్మ జీతం ‘మరమ్మతులు’ కిందకి వెళ్ళింది. ముసలమ్మని మరమ్మతులు అనడంలో నాకేమీ అభ్యంతరం లేదు, ఆవిడ నడుముకి ఆ అవసరముంది. అయితే ఈఎస్ఐ ఇన్‌స్పెక్టర్లు మొట్టమొదట తెరిచి చూసేది మరమ్మతుల పద్దే. ఆ సంగతి ఆడిటరు గారు చెప్పరు.

బ్యాలెన్సు షీటు తర్వాత తలలెక్క. పీఎఫ్‌కి ఇరవైమంది, ఈఎస్ఐకి పదిమంది. అందుకే మన ప్రాంతంలో ఏ సంస్థ పట్టీ తీసినా పంతొమ్మిదిమంది ఉంటారు. ఇరవయ్యో మనిషి ఇంతవరకూ పుట్టలేదు. పుట్టినా పక్క షట్టరులో, యజమాని భార్య పేరున్న ఫర్ములో పుడతాడు. ఆ ఫర్ము నిండితే బావమరిది పేరున మూడోది. మూడు ఫర్ములకీ ఒకటే కాటా, ఒకటే కరెంటు మీటరు, ఒకటే దేవుడి పటం. శాఖలెన్ని ఉన్నా సంస్థ ఒకటేనని 1952 చట్టంలోనే 2ఎ సెక్షనుంది. ఒకసారి చట్టం కిందకొచ్చినవాడు తర్వాత ఇరవైకి తగ్గినా బయటపడడని ఆ చట్టం మొదటి పేజీలోనే ఉంది. ఆ పేజీ ఎవరూ తిప్పరు. మొదటి పేజీ కదా, బైండింగులో పోయి ఉంటుంది.

ఇదంతా ఫలించనప్పుడు బయటికొచ్చేది బ్రహ్మాస్త్రం, కాంట్రాక్టరు. నిన్నటిదాకా ముఠా మేస్త్రిగా ఉండి అందరితోపాటు బస్తా మోసినవాడు, నోటీసొచ్చిన మర్నాడు పొద్దున్నే ‘లేబర్ కాంట్రాక్టర్’ అయి నిద్రలేస్తాడు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఒప్పందం. తేదీ మాత్రం నాలుగేళ్ళ కిందటిది. విచారణకి ఇస్త్రీ చొక్కా వేసి తీసుకెళ్తారు. ఆ చొక్కా యజమానిగారి పెద్దబ్బాయిది. భుజాల దగ్గర బిగుతు.

"మీరేనా కాంట్రాక్టరు?"

"ఆయనే చెప్పారండి."

"మీ కింద ఎంతమంది?"

"నా కిందెవరూ ఉండరండి. బస్తా కిందే అందరం."

"మీ జీఎస్టీ నంబరు?"

మేస్త్రి వెనక్కి తిరిగి యజమాని వంక చూశాడు. యజమాని ఆడిటరు వంక, ఆడిటరు ఫ్యాను వంక చూశారు. ఇదంతా చూస్తే ఎవరి అజమాయిషీలో ఎవరున్నారో తెలుసుకోడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. అయినా నాకు అర్థంకానిది ఒకటుంది. పీఎఫ్ చట్టంలో ఉద్యోగి అంటే నేరుగా పెట్టుకున్నవాడే కాదు, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాడు కూడా అని 2(ఎఫ్)లో రాసే ఉంది. అంటే ఈ కాంట్రాక్టరు నిజంగా కాంట్రాక్టరే అయినా డబ్బు కట్టాల్సింది మిల్లే. కట్టి, ఆ కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట ఒకడు. వాడు నయం, కనీసం దూడైనా ఉంది వాడికి.

బాపట్ల వెళదాం. అది చదువుల ఊరు. 1945లో వ్యవసాయ కళాశాల పెట్టిన దగ్గర్నుంచీ అక్కడి గాలిలోనే అక్షరజ్ఞానముంది. అందువల్ల అక్కడి ప్రైవేటు విద్యాసంస్థలు రాసే సంజాయిషీలకి తెనాలి మిల్లుల మోటుతనం ఉండదు. నమూనాకి ఒకటి, నా సొంత కల్పన, అయినా చదివితే మీకు తెలిసిన ఏదో కాలేజీ గుర్తొస్తే ఆ బాధ్యత మీది:

‘ఆర్యా! తమరు ఉదహరించిన ఇరవై ఆరుగురు వ్యక్తులు మా ఉద్యోగులు కారు. వారు స్వతంత్ర విద్యావృత్తి నిపుణులు. వారి వద్దనున్న జ్ఞానమును గంటల ప్రాతిపదికన మేము అద్దెకు తీసుకొనుచున్నాము. అందుకు నిదర్శనముగా పదిశాతము టీడీఎస్ కోసి 194జె కింద జమచేసిన వివరములు జతపరచడమైనది.’

జ్ఞానం అద్దెకిచ్చే ఈ నిపుణుడు పొద్దున ఎనిమిదీ నలభైకి వేలిముద్ర వెయ్యాలి. ఎనిమిదీ నలభై ఒకటైతే సగంరోజు జీతం పోతుంది. కూతురికి జ్వరమొస్తే సెలవుచీటీ రాయాలి. స్వతంత్రుడు సెలవుచీటీ ఎవరికి రాసుకుంటాడో జవాబులో లేదు. ఏప్రిల్, మే నెలల్లో తన జ్ఞానాన్ని సంచిలో వేసుకుని కర్లపాలెం, పిట్టలవానిపాలెం మండలాల్లో ఇల్లిల్లూ తిరిగి అడ్మిషన్లు తేవాలి. తేలేకపోతే జూన్‌లో నిపుణత్వం రద్దు. ఇక నిజంగా ఉద్యోగులని ఒప్పుకున్న నలుగురైదుగురి జీతం చూశారా? పదిహేను వేల ఒక రూపాయి. పీఎఫ్ తప్పనిసరి కావడానికి 2014 నుంచీ ఉన్న పరిమితి పదిహేను వేలు. ఆ ఒక్క రూపాయితో పన్నెండు శాతం తప్పించుకున్న మేధస్సుని లెక్కల డిపార్ట్‌మెంటులో పెట్టుకోవాల్సింది, యాజమాన్యంలో వృథా అయిపోతోంది.

రేపల్లె వైపు ఇంత సాహిత్యం ఉండదు. నిజాంపట్నం నుంచి ఇటుగా వస్తే చెరువులు, ఎయిరేటర్లు, ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల తలలు తీసే షెడ్లు. ఆటోలో పదిహేనుమంది ఆడవాళ్ళని కుక్కి నాలుగింటికే దింపుతారు. గిన్నెకింత, కిలోకింత. ఐసులో నానిన రొయ్యని పట్టుకుని, బొటనవేలితో మెడ దగ్గర నొక్కి, తల లాగి, పక్క ట్రేలో పడెయ్యాలి. గంటకే వేళ్ళకి స్పర్శ పోతుంది. పోయిన స్పర్శ మధ్యాహ్నానికి మంటై తిరిగొస్తుంది. తొడుగులిస్తే చెయ్యి తొందరగా ఆడదని కొందరు తీసేస్తారు, అసలు ఇవ్వకుండా ఆ ఇబ్బంది లేకుండా చేసేవాళ్ళు కొందరు. సూపర్‌వైజరు గిన్నె తిప్పి చూసి, తోక విరిగినవి పక్కనపెట్టి, ‘ఇవి లెక్కలోకి రావు’ అంటాడు. ఈ షెడ్డుకి నోటీసొస్తే జవాబు ఒక్క ముక్క: ‘వారు తమ ఖాళీ సమయంలో, స్వచ్ఛందంగా, తమకు నచ్చినంత మేర పనిచేస్తారు.’ తెల్లవారుజామున నాలుగింటికి ఖాళీ సమయం దొరికే ఆడది రేపల్లెలో ఎవరో నాకూ చూడాలనుంది.

ఆ తోక విరిగిన రొయ్య దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ తగువంతా సుప్రీంకోర్టు అక్కడే తేల్చేసింది. రొయ్య మీద కాదు, చొక్కా మీద. మన పాత ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన కేసు, సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్, 1973. దర్జీలు కొట్టుకొచ్చి కుట్టేవాళ్ళు, గుడ్డకింతని తీసుకునేవాళ్ళు. ఫలానా వేళకే రావాలని లేదు, పని లేకపోతే వెళ్ళిపోవచ్చు. ‘వీళ్ళు మా మనుషులెలా అవుతారు?’ అన్నారు కొట్లవాళ్ళు. కోర్టు రెండు సంగతులు చూసింది. మిషను ఎవరిది? కొట్టుది. కుట్టింది నచ్చకపోతే తిప్పికొట్టి మళ్ళీ కుట్టించే హక్కెవరిది? కొట్టుదే. ఇక మీవాళ్ళు కాకపోతే ఎవరివాళ్ళండీ అంది. ‘ఇవి లెక్కలోకి రావు’ అన్న సూపర్‌వైజరు నోరు తెరిచినప్పుడల్లా యజమానికి వ్యతిరేకంగా వాంగ్మూలం ఇస్తున్నాడన్నమాట.

అంతకుముందు ఇంకొకటుంది, ఉప్పుది. మన బాపట్ల జిల్లాలోనే చినగంజాం ఉప్పు కొఠార్లున్నాయి కనక ఉప్పు పండించడమంటే మనకి చెప్పక్కర్లేదు. గుజరాత్‌లో ధ్రాంగధ్ర కంపెనీ మడులు ఇచ్చేది, అగరియాలనే వాళ్ళు పెళ్ళాంబిడ్డలతో సహా ఎండలో పండించేవాళ్ళు, పండిన ఉప్పుకి ఇంత అని ఇచ్చేవాళ్ళు. సాయానికి కూలీలని కూడా వాళ్ళే పెట్టుకోవచ్చు. ఇంతకన్నా స్వతంత్రం ఎక్కడుంటుంది? అయినా 1956లో సుప్రీంకోర్టు వాళ్ళని కార్మికులనే అంది. పని ఎలా చెయ్యాలో చెప్పే హక్కు, ఎలా చేస్తున్నారో చూసే హక్కు కంపెనీకే ఉందని. ఇక తెనాలి హమాలీల దగ్గరికొస్తే వాళ్ళ కేసు వేరే వెయ్యనే అక్కర్లేదు. రాజకమల్ ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళకీ హైదరాబాదు ఈఎస్ఐ కార్పొరేషన్‌కీ జరిగిన వ్యాజ్యంలో, లారీలకి సరుకెత్తి దించే హమాలీలు ఈఎస్ఐ కిందకే వస్తారని 1996లో తేలిపోయింది. అంటే ఇవాళ నోటీసుకి ‘మా పనివాళ్ళు కారు’ అని జవాబు రాస్తున్న మహానుభావుడి వాదన, ఎప్పుడో ఓడిపోయింది. సుప్రీంకోర్టులో, ఒకటికి మూడుసార్లు.

మరి తెలిసీ ఎందుకు రాస్తున్నారు? వడ్డీ లెక్క చూస్తే తెలుస్తుంది. పీఎఫ్ ఆలస్యమైతే సాలుకి పన్నెండు శాతం వడ్డీ, అంటే నెలకి రూపాయి. దాని మీద జరిమానా. ఆ జరిమానా ఒకప్పుడు సాలుకి ఇరవై ఐదు శాతం దాకా ఉండేది. 2024 జూన్‌లో దాన్ని నెలకి ఒక శాతం చేశారు, అంటే ఇంకో రూపాయి. వెరసి నూటికి రెండు రూపాయలు. గాంధీచౌక్‌లో నిలబడి ఏ ఫైనాన్సు ఆయన్నడిగినా చెప్పే రేటే! పైగా ఫైనాన్సు ఆయనకి ప్రామిసరీ నోటు రాయాలి, హామీదారుని తేవాలి, వాయిదా తప్పితే ఇంటిముందు స్కూటరు ఆపుతాడు. కూలివాడి భవిష్య నిధిలోంచి తీసుకున్న అప్పుకి నోటు లేదు, హామీ లేదు, అప్పిచ్చినవాడికి ఇచ్చినట్టు కూడా తెలీదు. ఇంత మర్యాదస్తుడైన షావుకారు డెల్టాలో ఇంకెక్కడ దొరుకుతాడు?

ప్రభుత్వం వాళ్ళదీ దొడ్డ మనసే. 2025 నవంబరు ఒకటి నుంచి 2026 ఏప్రిల్ ఆఖరు దాకా ఒక పథకం పెట్టారు. 2017 జులై నుంచి చేర్చకుండా వదిలేసినవాళ్ళని ఇప్పుడు మీ అంతట మీరే పట్టీలోకెక్కించండి, కార్మికుడి వాటా అప్పట్లో కొయ్యకపోతే అది మాఫీ, మీ వాటా వడ్డీతో కట్టండి, జరిమానా మొత్తానికి వంద రూపాయలు. అక్షరాలా వంద. తెనాలి స్టేషను బయట స్కూటరు అడ్డంగా పెట్టినవాడు ఇంతకన్నా ఎక్కువ కడతాడు. ఈ పథకం గురించి చెప్తే ఒక మిల్లు పెద్దమనిషి నన్ను అడిగిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: "ఆ వందకి ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుందాండీ?"

ఈ పెద్దమనిషికి న్యూజెర్సీ ఎడిసన్‌లో కొడుకున్నాడు. మిల్లు నోటీసు వచ్చిన వారంలోనే అక్కణ్ణించి ఫోను. కన్సల్టెన్సీ వాళ్ళు అబ్బాయిని ఉద్యోగిగా చూపించి డబ్ల్యూ-2 ఇవ్వకుండా, కాంట్రాక్టరని రాసి 1099 చేతిలో పెట్టారట. యజమాని కట్టాల్సిన పన్ను వీడి నెత్తిన పడిందట, ఇన్సూరెన్సు లేదట, పని పోతే నిరుద్యోగ భృతి రాదట. తండ్రికి కడుపు రగిలిపోయింది. "ఎంత అన్యాయం! పొద్దున్నించి రాత్రిదాకా వాళ్ళ కంప్యూటరు ముందే కూర్చోబెట్టి మా మనిషి కాదంటారా? ఆ దేశంలో చట్టాల్లేవా?" చట్టాలున్నాయి. న్యూజెర్సీలో మరీ గట్టిగా ఉన్నాయి. డ్రైవర్లని స్వతంత్రులని రాసినందుకు ఊబర్ దగ్గర 2022లో ఆ రాష్ట్రం పదికోట్ల డాలర్లు కక్కించింది. ఆ మాట చెప్పగానే ఆయన మొహం వికసించింది. "అలా ఉండాలండీ ప్రభుత్వమంటే!" అని, పక్కనే నిలబడ్డ మేస్త్రిని కాఫీ తెమ్మన్నాడు. మేస్త్రి స్వతంత్రుడు కదా, రెండు కప్పులు తెచ్చాడు.

కొత్త సామాజిక భద్రతా కోడ్ వచ్చాక ఆయనకి ఇంకో ఆలోచనొచ్చింది. అందులో ‘గిగ్ వర్కర్’ అని ఒకటుంది, సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి బయట పనిచేసేవాడని నిర్వచనం. వాళ్ళ కోసం యాప్ కంపెనీలు ఏడాది టర్నోవర్లో ఒకటి రెండు శాతం సామాజిక భద్రతకి కట్టాలి, అది కూడా వాళ్ళకిచ్చే మొత్తంలో ఐదు శాతం దాటకుండా. "అయితే మేమూ ఒక యాప్ చేయిస్తే సరిపోతుందిగా! బస్తా వచ్చినప్పుడు మేస్త్రి ఫోను టంగుమంటుంది. ఎత్తితే డబ్బు, ఎత్తకపోతే రేటింగు తగ్గిద్దాం." ఆయన నవ్వులాటకి అన్నాడనుకున్నాను. కాదు. బాపట్లలో ఇంజనీరింగు చదివిన కుర్రాణ్ణి పిలిచి కొటేషన్ అడిగాడు. ఆ కుర్రాణ్ణి కూడా నెలజీతానికి కాదు, ‘ఈక్విటీ’ మీద పెట్టుకుంటాడట.

ఇంతసేపూ మిల్లులనీ షెడ్లనీ తిట్టాను కదా, నోటీసు పంపినవాళ్ళ సంగతేమిటని మీరడగాలి. ఆవు చేలో మేస్తూ దూడని గట్టున నిలబెట్టి నోటీసివ్వడం మన ప్రభుత్వాలకే చెల్లింది. అంగన్‌వాడీ అమ్మని చూడండి. పిల్లలకి వండిపెడుతుంది, బరువు తూస్తుంది, గర్భిణుల లెక్క రాస్తుంది, ఫోనులో ఫొటోలెక్కిస్తుంది, ఎన్నికలొస్తే పోలింగు బూతు పనులూ చేస్తుంది. ఇదంతా చేసినందుకు ఆవిడకిచ్చేది జీతం కాదు, ‘గౌరవ వేతనం’. 11,500 రూపాయలు, ఆయాకి 7,000. ఉద్యోగి అంటే హక్కులుంటాయని గౌరవంతో సరిపెట్టారు. 2023 డిసెంబరు 12న రాష్ట్రమంతా వాళ్ళు పని మానేసి రోడ్డెక్కారు. నలభై రెండు రోజులు. మధ్యలో, 2024 జనవరి 6న, ప్రభుత్వం ఎస్మా తీసింది. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. ఉద్యోగం ఇవ్వనివాడు ఉద్యోగం మానడం నేరమన్నాడు! మా బోసు రోడ్డు ఆడిటర్లు ఎంత తెలివైనవాళ్ళైనా ఇంత ఎత్తుకి ఎప్పుడూ ఎక్కలేదు. వాళ్ళ స్వతంత్ర వ్యాపారి మర్నాడు రాకపోతే కనీసం జైలనరు, రేపట్నించి రావొద్దంటారు, అంతే.

దానికి దాదాపు రెండేళ్ళ ముందే, 2022 ఏప్రిల్‌లో, గుజరాత్ అంగన్‌వాడీల కేసులో సుప్రీంకోర్టు ఆ గౌరవ వేతనం కూడా జీతమేననీ గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేననీ చెప్పింది. విన్నారు. వినడానికేం.

అంగన్‌వాడీ ఒక్కటే అయితే పొరపాటు అనుకోవచ్చు. 2019లో ఊరూరా వాలంటీర్లని పెట్టారు. యాభై ఇళ్ళకొకరు, నెలకి ఐదువేలు, ‘ఇది ఉద్యోగం కాదు, సేవ’. ప్రభుత్వం మారగానే సేవా లేదు, ఐదువేలూ లేదు, అడగడానికి కాగితమూ లేదు. 2020లో అవుట్‌సోర్సింగు దళారీలని తొలగిస్తామని ఆప్కాస్ అనే కార్పొరేషన్ పెట్టారు. దళారీని తొలగించడానికి ప్రభుత్వమే దళారీ అయింది. మునిసిపాలిటీలో చెత్తబండి లాగేవాడు మునిసిపాలిటీ మనిషి కాడు, మునిసిపాలిటీ చెప్పిన పని చేస్తూ కార్పొరేషన్ మనిషి. పార్టీ ఏదైనా ఫరవాలేదు, ఈ విద్యలో మాత్రం అందరిదీ ఒకే గురుకులం. 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో సుప్రీంకోర్టు, కేంద్ర జల సంఘంలో ఏళ్ళ తరబడి ఊడ్చి తుడిచినవాళ్ళని ‘పార్ట్‌టైమ్’ అని పంపేసినందుకు కేంద్రానికి గడ్డి పెట్టి, వాళ్ళని మళ్ళీ తీసుకోమంది. అందులో అమెరికాలో మైక్రోసాఫ్ట్ వాళ్ళ మీద నడిచిన కేసు కూడా ఎత్తి చూపింది. అక్కడా ఇదే నాటకం, పక్కపక్క కుర్చీల్లో ఒకే పని, ఒకడు ఉద్యోగి, ఇంకొకడు ‘ఫ్రీలాన్సరు’. అంత పెద్ద కంపెనీయే పట్టుబడ్డ విద్య మన పంచాయతీ ఆఫీసులో ఇంకా చెల్లుతోంది.

అయితే మిల్లు యజమాని ఈ పేరాలు చదివి మురిసిపోనక్కర్లేదు. ప్రభుత్వం దొంగైనంత మాత్రాన మీ పట్టీలో ఇరవయ్యోవాడు మాయం కాడు. ఆ విచారణ దగ్గరికి తిరిగి వెళదాం, ఎందుకంటే అసలు చివరి ఎత్తు అక్కడుంది. ఎఫ్‌సీఐ కేసులో సుప్రీంకోర్టు పీఎఫ్ కమిషనర్లకి చెప్పింది: మీకు సివిల్ కోర్టంత అధికారముంది, కాంట్రాక్టర్లని పిలవండి, రికార్డులు తెప్పించండి, కార్మికులెవరో తేల్చండి, ఊరికే లెక్కగట్టెయ్యకండి. న్యాయమైన మాట. 2008లో హిమాచల్ అటవీ కార్పొరేషన్ కేసులో, అది మరీ పాతబడిన వ్యవహారం కనక, గుర్తుపట్టగలిగిన కార్మికుల వరకే కట్టండి, రికార్డు లేకపోతే దాన్ని తప్పుగా పట్టుకోనక్కర్లేదు అంది. ఆ కేసుకి అదీ సబబే కావచ్చు. కానీ లాయర్లకి సందర్భంతో పనిలేదు, వాక్యం చాలు. ఇప్పుడు ప్రతి విచారణలోనూ ఇదే పాట: "సార్, డబ్బు కట్టడానికి మేము రెడీ. ఎవరికి కట్టాలో పేర్లు చెప్పండి."

పేర్లు రాయాల్సిన పుస్తకం ఎవరి దగ్గరుండాలి? ఆయన దగ్గరే. రాశాడా? లేదు. రాయలేదు కనక పేర్లు లేవు, పేర్లు లేవు కనక కార్మికులు లేరు, లేరు కనక బాకీ లేదు. హాజరు పట్టీ శుభ్రంగా రాసుకున్న అమాయకుడు పైసాతో సహా కడతాడు. ఏమీ రాయనివాడు రుజువు చెయ్యమంటాడు. ఆ పేర్లున్నవాళ్ళు మాత్రం ఆ పుస్తకానికి కూతవేటు దూరంలోనే, మిల్లు గేటులో లారీ మీద ఉంటారు. నోటీసు కాపీ యజమానికి వెళ్తుంది, ఆర్డరొస్తే బ్యాంకు మేనేజరుకి వెళ్తుంది. లారీ మీదున్నవాడికి కాపీ ఇవ్వాలని ఏ ఆఫీసుకీ తోచలేదు. వాణ్ణి పిలిచి ‘నీ పేరేంటయ్యా’ అని అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోయేదానికి, రెండువైపులా లాయర్లు ఫీజు తీసుకుని ఏళ్ళ తరబడి వెతుకుతున్నారు.

మొన్నటి విచారణ కూడా ఎప్పట్లాగే వాయిదా పడింది. కౌంటరు దగ్గర తరువాతి తేదీ టైపు చేసి ఇచ్చే అమ్మాయి ఏజెన్సీ మనిషి. ఆఫీసు కుర్చీలో కూర్చుని, ఆఫీసు కంప్యూటరు మీద, ఆఫీసు వేళల్లో పనిచేస్తుంది గానీ ఆఫీసు మనిషి కాదు. కాగితం అందిస్తూ గొంతు తగ్గించి మిల్లు యజమానిని అడిగింది.

"సార్, మీ మిల్లులో కంప్యూటరు వచ్చినవాళ్ళకి ఏమైనా ఉందాండీ? మార్చికి మా ఏజెన్సీ టెండరు అయిపోతుంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని నిజంగానే ఆలోచించాడు.

"ఉంది గానీ తల్లీ, ఇప్పటికే పంతొమ్మిదిమంది ఉన్నారు."